పాత తెరచాప పడవ: నీటి గీత కింద వాల్వులు, గొట్టాలు మార్చే పని, సలహాలు కావాలి

గాలివాటం

అందరికీ నమస్కారం. పాత తెరచాప పడవ ఒకటి తీసుకున్నాను. ఫైబర్‌గ్లాస్ హల్ (పడవ ఒళ్లు), తొమ్మిది మీటర్ల పైచిలుకు పొడవు, 1970లలో కట్టింది. కొయ్య, తాళ్లు, తెరచాపలు బాగానే ఉన్నాయి. ఒడ్డుకెక్కించి, లోపల పడకల కింద చెక్కలన్నీ ఊడదీసి చూశాక అసలు పని ఎక్కడుందో అర్థమైంది.

నీటి గీత, అంటే పడవ తేలేటప్పుడు నీళ్లు తాకే మట్టం, దాని కింద ఎనిమిది రంధ్రాలున్నాయి. ఇంజను చల్లబడడానికి సముద్రపు నీళ్లు తీసుకునేది, టాయిలెట్‌కు నీళ్లు వచ్చేది, టాయిలెట్ నుంచి బయటికి పోయేది, వంటగది సింకు, చేతులు కడిగే బేసిను, కాక్‌పిట్ (చుక్కాని పట్టుకుని కూర్చునే తొట్టి) నీళ్లు దిగేవి రెండు. ఎనిమిదోది దేనికోసమో తెలియదు, గొట్టం తీసేసి మూత బిగించి వదిలేశారు.

వీటిలో నాలుగింటికి గుండ్రటి చక్రం పిడి ఉన్న గేటు వాల్వులు. ఒకదాన్ని తిప్పితే పిడి తిరుగుతూనే ఉంటుంది, లోపల ఏమీ కదలదు. రెండింటికి పాతకాలపు సీకాక్‌లు (హల్ రంధ్రాన్ని మూసే వాల్వులు), లోపల శంకువు ఆకారపు ప్లగ్గు తిరిగే రకం, గట్టిగా పట్టేశాయి. కాక్‌పిట్ రంధ్రాలకైతే వాల్వులే లేవు, గొట్టం నేరుగా తొడిగేశారు. గొట్టాలన్నీ గిడసబారి, వంచితే పగుళ్లు కనిపిస్తున్నాయి.

చెడినవి మాత్రమే మార్చాలా, అన్నీ ఒకేసారి తీసేయాలా? కంచువి పెట్టాలా, ప్లాస్టిక్‌వి పెట్టాలా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

---

నీటిగీత

గాలివాటం గారూ, ఒడ్డు మీద ఉండగానే అడిగారు, మంచి పని చేశారు.

గేటు వాల్వుల గురించి రెండో ఆలోచన వద్దు. నాలుగూ తీసేయండి, పరీక్షలు కూడా అవసరం లేదు. గేటు వాల్వు తెరిచి ఉందో మూసి ఉందో పైనుంచి చూస్తే తెలియదు. కింద గాడిలో చిన్న గవ్వ పడినా పూర్తిగా మూసుకోదు. పిడిని, లోపలి పలకను కలిపే కాడ సాధారణంగా ఇత్తడిది. ఉప్పునీటిలో అది లోలోపలే తినేసుకుపోయి, అవసరమైన రోజున తెగుతుంది. మీది ఇప్పటికే తెగింది. పిడి పావు చుట్టు తిరిగితే మూసుకోవాలి, పిడి ఏ దిక్కుకుందో చూడగానే స్థితి తెలియాలి. నీటి గీత కింద ఆ రకం తప్ప ఇంకోటి ఉండకూడదని నా నమ్మకం.

అన్నీ ఎందుకు మార్చాలో లెక్కలో చూడండి. నీటి గీతకు 60 సెంటీమీటర్ల కింద 38 మిల్లీమీటర్ల రంధ్రం పూర్తిగా తెరుచుకుంటే నిమిషానికి దాదాపు 140 లీటర్లు లోపలికి వస్తాయి. 19 మిల్లీమీటర్లదైతే సుమారు 35 లీటర్లు. వ్యాసం సగమైతే ప్రవాహం పావు వంతు. బిల్జ్‌లో, అంటే పడవ అడుగున, చేరిన నీళ్లు తోడే పంపు మీద గంటకు 7,500 లీటర్లు అని రాసి ఉన్నా, నీటిని మీటరు ఎత్తుకు లేపి, వంపులు తిరిగిన గొట్టంలో నెట్టేసరికి అందులో చాలా భాగం పోతుంది. అంటే ఒక్క పెద్ద ఫిట్టింగు పోయినా పంపు గెలవదు. వాల్వు చేతికి అందాలి, మూసుకోవాలి. వేరే రక్షణ లేదు.

---

మరచుట్టు

లోహం సంగతి నేను చెప్తాను, ముప్పావు వంతు గందరగోళం అక్కడే.

పసుపు ఇత్తడిలో రాగి 60 పాళ్లు, జింకు 40 పాళ్ల దాకా ఉంటుంది. ఉప్పునీటిలో జింకు మెల్లగా కరిగిపోయి, సందులు సందులుగా రాగి మిగులుతుంది. ఆకారం, సైజు, థ్రెడ్డు అన్నీ అలాగే కనిపిస్తాయి. బలం మాత్రం ఉండదు. పానా వేసి తిప్పగానే బిస్కెట్టులా విరుగుతుంది.

పడవకు కావాల్సింది అసలైన కంచు. 85-5-5-5 అని పిలిచే మిశ్రమం ఎక్కువ వాడతారు: రాగి 85, తగరం 5, సీసం 5, జింకు 5. 'మాంగనీస్ బ్రాంజ్' అన్న పేరు చూసి కంచు అనుకోవద్దు. అందులో జింకు 40 పాళ్లకు దగ్గరగా ఉంటుంది, గుణంలో అది ఇత్తడే.

మధ్యలో ఇంకో రకం ఉంది, జింకు పోకుండా కాస్త ఆర్సెనిక్ కలిపిన ఇత్తడి. దాని మీద సీడబ్ల్యూ602ఎన్ అనో, డీజడ్ఆర్ అనో అచ్చు ఉంటుంది. అది పనికొస్తుంది. సీడబ్ల్యూ617ఎన్ అని ఉంటే అది మామూలు ఇత్తడి, ఇంటి కుళాయిలకు మంచిది, సముద్రానికి కాదు. ఏ అచ్చూ లేకపోతే ఇత్తడి అనే అనుకోండి.

ఇంకో మాట. లోహపు ఫిట్టింగుల గురించి 1994లో వచ్చిన ఐఎస్ఓ 9093-1 ప్రమాణం 'తుప్పు తట్టుకునేది' అంటే ఐదేళ్ల వాడకంలో బలం, పని, నీరు ఆపే గుణం చెడనిది అని నిర్వచించింది. ఐదేళ్లే. అందుకే కొత్త పడవల్లో కూడా ఇత్తడి కనిపిస్తుంది.

---

కొత్తతెడ్డు

మరచుట్టు అన్నా, నాది చిన్న పడవ, నా దగ్గర ఉన్నవాటి మీద రంగు పూశారు, అచ్చులేమీ కనపడవు. బాగున్నాయో లేదో తీయకుండా తెలుసుకునే దారి ఉందా?

---

మరచుట్టు

ఉంది తమ్ముడూ. ఒక మూల రంగు గీకి, శాండ్ పేపర్‌తో మెరిసేదాకా రుద్దు. పసుపో, గోధుమ బంగారు రంగో కనిపిస్తే పైపొర బాగున్నట్టు. గులాబీ రంగు మచ్చలు తేలితే జింకు పోయినట్టు, ఇక మాట్లాడేదేమీ లేదు. తర్వాత చిన్న సుత్తితో తట్టు. గట్టి లోహం ఖంగుమంటుంది, పోయింది మొద్దుగా మోగుతుంది. ఇవన్నీ పడవ ఒడ్డు మీద ఉన్నప్పుడే. నీళ్లలో ఉండగా సుత్తి ముట్టుకోవద్దు.

పచ్చటి చిలుము చూసి భయపడకు. అది పైపైన పట్టేది, లోపలి బలానికి సంబంధం లేదు.

---

చుక్కాని

గాలివాటం గారూ, ఏది కొనాలో తర్వాత. ముందు ఎన్ని కావాలో తేల్చుకోండి. మూసేసిన రంధ్రానికి వాల్వు అక్కర్లేదు, క్లిప్పు అక్కర్లేదు, రాత్రి లేచి చూడక్కర్లేదు.

ఎనిమిదోది మూసేయండి, అందులో చర్చ లేదు. బేసిను గొట్టాన్ని నీటి గీతకు పైన సింకు గొట్టంలో కలపొచ్చు. టాయిలెట్‌కు నీళ్లు వచ్చే గొట్టాన్ని కూడా సింకు సీకాక్‌కు కాస్త పైన మూడు మూతుల టీ అతుకు పెట్టి అక్కడి నుంచే తీసుకోవచ్చు. దీనివల్ల ఇంకో లాభముంది. టాయిలెట్ కంపు కొట్టేది ఎక్కువసార్లు బయటికి పోయే గొట్టం వల్ల కాదు, లోపలికి వచ్చే గొట్టంలో నిలిచిన సముద్రపు నీటి వల్ల. అందులోని సూక్ష్మజీవులు చచ్చి కుళ్లుతాయి. పడవ వదిలి వెళ్లే ముందు సీకాక్ మూసి, సింకులో మంచినీళ్లు పోసి, టాయిలెట్ పంపు కొడితే ఆ గొట్టమంతా మంచినీటితో నిండుతుంది. వాసన పోతుంది. ఎనిమిది కాస్తా ఐదయ్యాయి.

ఇంజను నీళ్లు తీసుకునే రంధ్రాన్ని మాత్రం ఎవరితోనూ పంచవద్దు. టాయిలెట్ పంపు గాలి పీలిస్తే ఇంజను కూడా గాలి పీలుస్తుంది. కాక్‌పిట్ గొట్టాల్లో బిల్జ్ పంపు గొట్టం కలపడం కూడా వద్దు. కాక్‌పిట్ నిండా నీళ్లున్నప్పుడు ఆ నీళ్లు బిల్జ్‌లోకి దిగడానికి దారి ఇచ్చినట్టవుతుంది.

---

దక్షిణగాలి

చుక్కాని గారితో కొంచెం విభేదిస్తాను. ఒక పెద్ద సీకాక్, దాని మీద కంచు మానిఫోల్డు, అందులోంచి ఇంజనుకూ మిగతావాటికీ విడివిడి వాల్వులు పెట్టిన పడవలు బాగా నడుస్తున్నాయి. మొదటి సీకాక్ తగినంత పెద్దదిగా ఉంటే, ప్రతి శాఖకూ వాల్వు ఉంటే తప్పేమీ లేదు.

---

చుక్కాని

పెద్ద పడవలకు ఒప్పుకుంటాను. తొమ్మిది మీటర్ల పడవలో ఆ మానిఫోల్డు బరువంతా ఒక్క రంధ్రం మీద వేలాడుతుంది, దాని కిందకి చెయ్యి పోయే చోటు కూడా ఉండదు. ఇంజనుకు సొంత రంధ్రం ఉండటమే నాకిష్టం.

---

గాలివాటం

చాలా సంతోషం. ఐదే ఉంచుతాను. మూసే మూడు రంధ్రాలను ఎలా మూయాలి? పాతవి ఊడటం లేదు, సీలెంట్ రాయిలా పట్టేసింది.

---

నీటిగీత

ఊడదీయడానికి కుస్తీ పట్టకండి, ఆ బలానికి హల్ పొరలు విడిపోతాయి. బయటి వైపు పుట్టగొడుగు గొడుగులా ఉన్న అంచును గ్రైండర్‌తో కోసేస్తే మిగిలిన గొట్టం లోపలికి వచ్చేస్తుంది. హల్‌కు గ్రైండర్ తగలకుండా చూసుకోండి, లోహం పొడి కళ్లలో పడకుండా అద్దాలు పెట్టుకోండి. సీలెంట్ పాలీయూరిథేన్ అయితే హీట్ గన్‌తో వేడి చేస్తే కొంత మెత్తబడుతుంది.

రంధ్రం తెరిచాక మొదట అంచు చూడండి. గట్టి ఫైబర్‌గ్లాస్ ఒక్కటే కనిపిస్తే అదృష్టం. రెండు పొరల మధ్య బాల్సా చెక్కో, ఫోమో కనిపిస్తే, తడిగా ఉందేమో వేలితో నొక్కి చూడండి. అలాంటి చోట ఫిట్టింగు తిరిగి పెట్టాలంటే చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మేర, తడి ఉంటే తడి ఉన్నంత మేర, కోర్ తీసేసి, చిక్కటి ఎపాక్సీ నింపి, ఆరాక కొత్తగా కోసుకోవాలి. ఫిట్టింగు ఎప్పుడూ కోర్‌ను తాకకూడదు.

మూసే రంధ్రాల చుట్టూ 12:1 వాలు చెక్కాలి. అంటే హల్ మందం 10 మిల్లీమీటర్లు ఉంటే రంధ్రం అంచు నుంచి అన్ని వైపులా 120 మిల్లీమీటర్ల వెడల్పున పల్చగా చెక్కుకుంటూ పోవాలి. చిన్న రంధ్రానికి ఇంత పెద్ద పళ్లెం ఎందుకని అందరూ అడుగుతారు. కొత్త పొరలు పాత పొరలను పట్టుకునేది ఆ వాలు మీదే. నేరుగా బిరడాలా నింపితే ఎప్పుడో ఒకప్పుడు కొత్త ముక్క మొత్తంగా ఊడుతుంది. పాత పాలిస్టర్ మీద కొత్త పాలిస్టర్ కన్నా ఎపాక్సీ బాగా అతుక్కుంటుంది. పెద్ద గుడ్డ ముందు వేయాలా, చిన్నది ముందా అన్నదానికి రెండు బళ్లున్నాయి. నేను పెద్దది ముందు వేస్తాను, పాత ఫైబర్‌ను ఒక్క ముక్కే మొత్తంగా తాకుతుంది కాబట్టి.

---

మరచుట్టు

కొత్త ఫిట్టింగుల గురించి ఒక మాట.

ఇది మీరు కొనే ముందే చదవాలి.

త్రూహల్, అంటే హల్ రంధ్రం గుండా పోయే ఫిట్టింగు, దాని గొట్టం మీద థ్రెడ్డు సమానంగా ఉంటుంది, మొదటి నుంచి చివరి దాకా ఒకే వ్యాసం. మార్కెట్లో దొరికే చాలా బాల్ వాల్వులకు లోపలి థ్రెడ్డు సన్నబడుతూ పోతుంది, ప్రతి 16కు 1 చొప్పున. రెండింటినీ కలిపితే రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. బిగుసుకుంది కదా అనిపిస్తుంది. నిజానికి పట్టు ఆ రెండు చుట్ల మీదే ఉంది. అమెరికా కొలత, బ్రిటిష్ కొలత కలిపితే ఇంకా ఘోరం. ఒకటిన్నర అంగుళం సైజులో ఒకదానికి అంగుళానికి పదకొండున్నర చుట్లు, రెండోదానికి పదకొండు. కోణాలు కూడా వేరు, 60 డిగ్రీలు, 55 డిగ్రీలు. మొదటి చుట్టు కలుస్తుంది, అక్కడే మోసం.

సరైన సీకాక్‌కు కింద వెడల్పాటి పాదం ఉంటుంది, దానిలో సమాన థ్రెడ్డు ఉంటుంది, పాదానికి మూడు బోల్టులు పడతాయి. ఎవరైనా పొరపాటున కాలు వేసినా, బరువైన పెట్టె జారి తగిలినా, ఆ దెబ్బ బోల్టుల మీదుగా హల్‌కు పోతుంది. సన్నటి థ్రెడ్డు గొట్టం మీద పడదు.

---

దక్షిణగాలి

మా పడవలో ఏళ్లుగా త్రూహల్ మీద నేరుగా బాల్ వాల్వే ఉంది. ఒక్క చుక్క కారలేదు. ఇంత పని అవసరమా అని నా సందేహం.

---

నీటిగీత

దక్షిణగాలి గారూ, కారకపోవడం ఒకటి, దెబ్బ తట్టుకోవడం ఒకటి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ వాళ్ల హెచ్-27 ప్రమాణం ప్రకారం, అమర్చిన సీకాక్ లోపలి కొస మీద 500 పౌండ్లు, అంటే దాదాపు 227 కిలోల భారం 30 సెకన్లు వేసినా విరగకూడదు, నీరు రాకూడదు. పెద్ద మనుషులిద్దరు దాని మీద ఎక్కి నిలబడిన దాని కన్నా ఎక్కువ భారం. రెండు చుట్ల థ్రెడ్డు మీద నిలిచిన వాల్వుకు ఆ పరీక్ష పెట్టడానికి మీరు ఒప్పుకుంటారా? పడవ ఊగేటప్పుడు లాకరులో లంగరు దొర్లితే సముద్రం పెట్టే పరీక్ష అదే.

---

దక్షిణగాలి

ఆ కొలత నాకు తెలియదు. వచ్చేసారి ఒడ్డుకెక్కించినప్పుడు ఇంజనుది, టాయిలెట్‌ది ముందు మారుస్తాను.

---

చుక్కాని

పాదం కింద దిమ్మ మర్చిపోకండి. హల్ వంపు తిరిగి ఉంటుంది, సీకాక్ పాదం చదునుగా ఉంటుంది. మధ్యలో జి-10 లాంటి గాజు-ఎపాక్సీ పలక వేసి, కింది వైపు చిక్కటి ఎపాక్సీ నింపి హల్‌కు అంటిస్తే రెండూ కలిసిపోతాయి. పలక వెడల్పు పాదం కన్నా బాగా పెద్దదిగా ఉంచి మూలలు గుండ్రం చేయండి. మెరైన్ ప్లైవుడ్ వాడేవాళ్లూ ఉన్నారు, అన్ని వైపులా, బోల్టు రంధ్రాల లోపల కూడా ఎపాక్సీ పట్టిస్తేనే అది నిలుస్తుంది. ఒక్క చోట తడి దొరికినా కుళ్లుతుంది.

హల్‌కు మళ్లీ మూడు బోల్టు రంధ్రాలు వేయడం ఇష్టం లేకపోతే, మందపాటి జి-10 పలకకే థ్రెడ్డు వేసి బోల్టులు కిందనుంచి పలకలో బిగించి, తర్వాత పలకను హల్‌కు అంటించేయొచ్చు. నేను ఇలాగే చేస్తాను.

త్రూహల్ గొట్టాన్ని ముందు పొడిగా బిగించి చూసి, సీకాక్ అడుగున తగలకుండా పొడవు గుర్తు పెట్టి కోయండి. సీలెంట్ పూశాక కొలతలు తీస్తే చేతులు, పడవ, కొలబద్ద అన్నీ పాడవుతాయి.

---

గాలివాటం

ప్లాస్టిక్ సంగతి ఎవరూ చెప్పలేదు. తుప్పు గొడవే ఉండదు కదా?

---

దక్షిణగాలి

గాజు నూలు కలిపిన నైలాన్‌వి నిజంగా మంచివి. తేలిక, తుప్పు లేదు, కరెంటు గొడవ లేదు. అల్యూమినియం హల్ అయితే నేను ఇవే చెప్తాను, కంచు దగ్గరికి కూడా రానివ్వకూడదు. రెండు జాగ్రత్తలు. నెలకోసారైనా తిప్పుతూ ఉండాలి. బిగుసుకున్నాక బలవంతంగా తిప్పితే పిడి విరుగుతుంది. రెండోది, సాదా తెల్ల నైలాన్ త్రూహల్‌లు వేరు. అవి ఎండకు పెళుసుబారి ఊడిపోతాయి. నీటి గీతకు కాస్త పైన ఉన్నా, పడవ ఒరిగితే అవి నీళ్ల కిందే ఉంటాయి.

---

మరచుట్టు

ఒప్పుకుంటాను. ఇంజను గదిలో మాత్రం కంచే పెట్టండి. నిప్పు అంటుకుంటే నైలాన్ నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీలు నీటి కింద వద్దు. దానికి పైపొర నిలవాలంటే ఆక్సిజన్ కావాలి. సీలెంట్ కింద, నిలవ నీటిలో ఆక్సిజన్ అందక సన్నటి గుంటలు పడి లోపలికి తొలుచుకుంటూ పోతుంది. 316 రకం కూడా మినహాయింపు కాదు.

---

కొయ్యపడవ

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. నాది చెక్క పడవ. ఫిట్టింగులన్నీ తీగతో కలిపి ఆనోడ్‌కు (మిగతా లోహాల బదులు తాను కరిగే దిమ్మకు) కట్టాలా వద్దా అన్నది ఇంకా ఎవరూ ఎత్తలేదు, అది చెప్పి వెళ్తాను. నాకు ఇష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి.

1761లో బ్రిటిష్ నౌకాదళం హెచ్‌ఎంఎస్ అలారమ్ అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకు తొడిగింది. చెక్కను తొలిచే పురుగుల నుంచి కాపాడటానికి. నౌక తిరిగొచ్చాక 1763లో చూస్తే, రాగి తాకిన చోటల్లా ఇనుప మేకులు తినేసుకుపోయాయి. రేకు కింద కాగితం ఉండిపోయిన చోట ఇనుము చెక్కుచెదరలేదు. రెండు లోహాలు, మధ్యలో ఉప్పునీరు, రెండింటినీ కలిపే తాకిడి. ఈ మూడిట్లో ఒకటి లేకపోతే ఏమీ జరగదు.

1824లో హంఫ్రీ డేవీ దీన్నే తిరగేశాడు. రాగికి జింకు ముక్కో ఇనుప ముక్కో తగిలిస్తే, ఆ ముక్క కరుగుతూ రాగిని కాపాడుతుందని రాయల్ సొసైటీకి చూపించాడు. మనం కట్టే జింకు దిమ్మ అదే. కానీ నౌకల మీద పెట్టాక ఇంకోటి బయటపడింది. రాగి కరగడం ఆగిపోయేసరికి గవ్వలు, నాచు పట్టేశాయి. కరిగే రాగే వాటిని దూరంగా ఉంచుతోంది. అంటే కాపాడటం ఎక్కువైనా దానికో ఖరీదుంటుంది.

చెక్క పడవకు ఆ ఖరీదు ఇంకా పెద్దది. జింకు ఎక్కువైతే కంచు ఫిట్టింగు చుట్టూ క్షారం తయారవుతుంది. అది చెక్కలోని లిగ్నిన్‌ను తినేస్తుంది. ఫిట్టింగు మెరుస్తూ ఉంటుంది, దాని చుట్టూ పలక తడి దూదిలా పీచుపీచుగా అయిపోతుంది. తెల్లటి పొడి కనిపిస్తే అదే గుర్తు. సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచి, చెక్క పడవను మైనస్ 550, 600 మిల్లీవోల్టుల మధ్య ఉంచమంటారు. ఫైబర్‌గ్లాస్‌కు మైనస్ 550 నుంచి 1100 దాకా చెల్లుతుంది.

గాలివాటం గారి పడవకు నా మాట: మంచి కంచు సీకాక్, రబ్బరు గొట్టం, వేరే ఏ లోహాన్నీ తాకకుండా విడిగా ఉంటే దాన్ని అలాగే వదిలేయండి. తనంతట తాను దశాబ్దాలు ఉంటుంది. ఇంజనుతో లోహపు గొట్టం ద్వారా కలిసి ఉంటే మాత్రం కలిపి కట్టి ఆనోడ్ ఇవ్వాలి.

---

మరచుట్టు

చాలా బాగా చెప్పారు. ఒక్కటి జోడిస్తాను. ఇది రెండు లోహాల మధ్య నెమ్మదిగా జరిగేది. బ్యాటరీ నుంచి దారి తప్పిన కరెంటు వేరు. బిల్జ్ నీళ్లలో మునిగిన ఒక పాత వైరు అతుకు, పక్కనే కంచు ఫిట్టింగు ఉంటే, ఏళ్ల పని రోజుల్లో అయిపోతుంది. కాబట్టి ఈ పనిలో ఉండగానే బిల్జ్ పంపు, ఫ్లోట్ స్విచ్ వైర్ల అతుకులన్నీ నీటి మట్టానికి పైకి తీసి, వేడికి ముడుచుకునే జిగురు గొట్టం తొడగండి.

---

గాలివాటం

ఇంత సమాచారం ఒకేచోట ఎక్కడా దొరకలేదు. ఇక గొట్టాల గురించి. టాయిలెట్ గొట్టం ఇంకా కారడం లేదు, ఉంచవచ్చా?

---

చుక్కాని

కారకపోయినా గొట్టం గోడ గుండా వాసన బయటికి వస్తుంది. శుభ్రమైన గుడ్డను వేడినీళ్లలో తడిపి గొట్టానికి చుట్టి, చల్లారాక గుడ్డ వాసన చూడండి. గుడ్డ కంపు కొడితే గొట్టం అయిపోయింది. మీరు చెప్పిన వయసుకు పరీక్ష కూడా అక్కర్లేదనుకోండి.

నీటి గీత కింద తీగ అల్లిన మందపాటి రబ్బరు గొట్టం వాడండి. పల్చటి ముడతల గొట్టం బిల్జ్ పంపుకు తరచూ వాడతారు, ముడతల్లో నీటి వేగం తగ్గుతుంది, క్లిప్పు కింద సరిగ్గా కూర్చోదు. కొత్త గొట్టం ఎక్కకపోతే కొసను వేడినీళ్లలో ముంచి, గిన్నెలు తోమే సబ్బు రాసి తొయ్యండి. గ్రీజు, నూనె రాయవద్దు. పాతది తీసేటప్పుడు లాగవద్దు, పొడవునా కత్తితో చీల్చి ఒలిచేయండి, కంచు మీద గాటు పడకుండా.

రెండేసి క్లిప్పులు వేయమని అందరూ చెప్తారు. గొట్టం ఎక్కే మూతి, స్పిగాట్, రెండింటికీ సరిపడా పొడవుంటేనే వేయండి. పొట్టిగా ఉంటే రెండోది కొస దాటి గొట్టాన్ని కోస్తుంది, అలాంటప్పుడు ఒక్క మంచి క్లిప్పే నయం. పట్టీలో ఆరపార చిల్లులు ఉన్నవి కాకుండా గాళ్లు నొక్కిన రకం తీసుకోండి. కొనేముందు స్క్రూకు అయస్కాంతం పెట్టి చూడండి. పట్టీ స్టెయిన్‌లెస్ అయి ఉండి స్క్రూ నాసిరకంది అయితే గట్టిగా అంటుకుంటుంది, మొదట తుప్పు పట్టేది అదే.

---

నీటిగీత

గొట్టాల దారి గురించి కూడా ఒక మాట, ఎందుకంటే వాల్వులన్నీ కొత్తవైనా పడవలు మునిగేది సైఫన్ వల్ల.

టాయిలెట్ గిన్నె అంచు, పడవ ఒరిగినప్పుడు, నీటి గీతకు కిందకు పోతుంది. ఎవరైనా పంపు మీటను తడి స్థితిలో వదిలేస్తే సముద్రం మెల్లగా గిన్నెలోకి, గిన్నెలోంచి పడవలోకి వస్తుంది. దీనికి మందు గాలి రంధ్రం ఉన్న ఎత్తైన వంపు, వెంటెడ్ లూప్. పడవ పూర్తిగా ఒరిగినా దాని శిఖరం నీటి గీతకు కనీసం 15, 20 సెంటీమీటర్ల పైన ఉండాలి. పడవ మధ్య గీతకు దగ్గరగా పెడితే ఎటు ఒరిగినా పెద్ద తేడా రాదు.

లోపలికి వచ్చే వైపు లూప్ పెట్టాల్సింది పంపుకు, గిన్నెకు మధ్య. చాలామంది సీకాక్‌కు, పంపుకు మధ్య పెడతారు, అప్పుడు పంపు నీళ్లకు బదులు గాలి పీలుస్తుంది. బయటికి పోయే వైపు టాయిలెట్‌కు, సీకాక్‌కు మధ్య పెట్టాలి. లూప్ నెత్తిన ఉన్న చిన్న వాల్వు ఉప్పు పట్టి మూసుకుంటుంది, అప్పుడప్పుడు విప్పి గోరువెచ్చని మంచినీళ్లతో కడగాలి. ఆ వాల్వు పట్టేసిన లూప్ ఉన్నా లేనట్టే.

ఇంజను ఎగ్జాస్టులోకి నీళ్లు వదిలే చోటు నీటి గీతకు కిందా దగ్గరా ఉంటే అక్కడా ఇలాంటిదే కావాలి. లేకపోతే ఆగి ఉన్న ఇంజను సిలిండర్లలోకి సముద్రం వస్తుంది.

బిల్జ్ పంపు గొట్టాన్ని కూడా ఎత్తుగా తీసి పైన బయటికి వదలండి. మధ్యలో చెక్ వాల్వు పెట్టి సరిపెట్టకండి. ఒక వెంట్రుక చుట్టుకున్నా అది మూసుకోదు, కొన్నిసార్లు తెరుచుకోదు.

---

కొత్తతెడ్డు

సీలెంట్ ఏది వాడాలి? సిలికాన్ ఇంట్లో ఉంది.

---

మరచుట్టు

సిలికాన్ నీటి గీత కింద వద్దు. పట్టు తక్కువ, పైగా అది తగిలిన చోట తర్వాత ఏ రంగూ, ఏ జిగురూ అంటదు. పాలీయూరిథేన్ గానీ, పాలీసల్ఫైడ్ గానీ. త్రీఎం 5200 లాంటివి దాదాపు శాశ్వతం, పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది, మళ్లీ తీయాలంటే యుద్ధమే. రేపు విప్పాల్సి రావచ్చు అనుకుంటే తక్కువ పట్టు ఉన్నది వాడు. పాలీసల్ఫైడ్ కంచుకు, చెక్కకు చాలా మంచిది, కొన్ని ప్లాస్టిక్‌లను మాత్రం పెళుసు చేస్తుంది, వాటికి వాడొద్దు.

అసిటోన్‌తో తుడిచి, రంధ్రం కోసిన అంచుకు ముందే ఎపాక్సీ పూసి ఆరనివ్వు. చుట్టూ సమానంగా సీలెంట్ బయటికి ఉబికేదాకా బిగించు, అక్కడ ఆపు. అంతా పిండేస్తే ఆపడానికి ఏమీ మిగలదు. ఆరాక మళ్లీ బిగించాలని తిప్పితే పట్టు తెగుతుంది.

---

గాలివాటం

కొత్త సంగతి. మూడు రంధ్రాలు మూసేశాం, ఇంజనుకు, టాయిలెట్ బయటికి, కాక్‌పిట్‌వి రెండింటికి కొత్త కంచు సీకాక్‌లు పలకల మీద కూర్చున్నాయి. సింకుది పాత శంకువు సీకాక్, గీకి చూస్తే లోహం గట్టిగా ఉంది, సుత్తికి ఖంగుమంది. దాన్ని బాగుచేసి ఉంచవచ్చా?

---

కొయ్యపడవ

తప్పకుండా ఉంచండి. అలాంటివి ఇప్పుడు అరుదు. ప్లగ్గును బయటికి తీసి, సన్నటి వాల్వు గ్రైండింగ్ పేస్టు రాసి, లోపల పెట్టి అటూ ఇటూ కొంచెం కొంచెంగా తిప్పండి, మధ్యమధ్యలో ఎత్తి వేరే కోణంలో పెట్టండి. పేస్టంతా కిరోసిన్‌తో కడిగేశాక ప్లగ్గు మీద మార్కర్‌తో నిలువు గీతలు గీసి ఒకసారి తిప్పి తీయండి. గీతలు అంతటా సమానంగా చెరిగితే అయిపోయినట్టే. ఇంకా బాగా అవ్వాలని అదే పనిగా రుద్దవద్దు. ప్లగ్గు కిందకు దిగిపోయి రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుగా రావు. నీటికి కరగని చిక్కటి గ్రీజు పట్టించి, చేత్తో తిరిగేంతే బిగించండి. ఏటా ఒడ్డుకెక్కినప్పుడు ఈ గ్రీజు మార్చాలి.

---

చుక్కాని

ఇంజను షాఫ్టు బయటికి పోయే చోటు చూశారా? షాఫ్టు పోయే స్టెర్న్ ట్యూబ్‌నూ, అక్కడ నీళ్లు ఆపే గ్లాండ్‌నూ కలిపే పొట్టి గొట్టం చాలా పడవల్లో అన్నిటికన్నా పాతది, అందదు కాబట్టి ఎవరూ ముట్టుకోరు. దాన్నీ మార్చండి. ప్యాకింగ్ తాడు పాత రకమైతే విడివిడి ఉంగరాలుగా ఏటవాలుగా కోసి, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా పెట్టాలి, స్ప్రింగులా చుట్టకూడదు. షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి, చేయి పెడితే గోరువెచ్చగా ఉండాలి, కాలకూడదు.

మంచినీటి వైపు పెద్ద ప్రమాదం లేదు. ట్యాంకు లోపల తుడిచి, లీటరుకు ఒక మిల్లీలీటరు చొప్పున 5 శాతం బ్లీచు కలిపితే 50 పీపీఎం అవుతుంది. కుళాయిలన్నిటిలో వాసన వచ్చేదాకా వదిలి, కొన్ని గంటలు ఉంచి, బాగా కడిగేయండి. లోహపు ట్యాంకైతే ఎక్కువసేపు నిలవ ఉంచకండి.

---

గాలివాటం

షాఫ్టు గొట్టం నిజంగానే పగిలి ఉంది, మార్చాం. వచ్చే వారం నీళ్లలోకి దించుతున్నాం. దించే రోజు ఏం చూడాలి?

---

నీటిగీత

ముందే అన్ని సీకాక్‌లూ మూసి ఉంచండి. పడవ క్రేన్ పట్టీల్లో ఉండగానే, నీళ్లు తాకగానే, టార్చి, పొడి టిష్యూ కాగితంతో లోపలికి వెళ్లండి. ప్రతి పాదం చుట్టూ, గ్లాండ్ చుట్టూ, మూసేసిన చోట్ల కాగితం ఒత్తి చూడండి. కంటికి కనిపించని తడి కాగితానికి తెలుస్తుంది. అన్నీ పొడిగా ఉన్నాకే పట్టీలు వదలమని చెప్పండి. అనుమానం ఉంటే మళ్లీ ఎత్తమనడానికి మొహమాటపడొద్దు, క్రేన్ నడిపేవాళ్లకు ఇది అలవాటే.

తర్వాత ఒక్కో సీకాక్ తెరిచి, ఈసారి గొట్టం, క్లిప్పులు చూడండి. కాక్‌పిట్‌వి తెరిచే ఉంచాలి, వానకు నీళ్లు పోవాలి కదా. రెండు గంటలాగి ఒకసారి, పడుకునే ముందు ఒకసారి మళ్లీ చూడండి. మొదటిసారి తెరచాప ఎత్తి బాగా ఒరిగి నడిచాక బిల్జ్ తప్పకుండా తెరవండి. నిటారుగా ఉన్నప్పుడు పొడిగా ఉన్న గొట్టం ఒరిగినప్పుడు కారవచ్చు.

ప్రతి సీకాక్ పక్కనా దాని సైజుకు సరిపడే మెత్తటి చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి. ఐదూ ఎక్కడున్నాయో గీసిన బొమ్మ మెట్ల దగ్గర అంటించండి, మీరు లేనప్పుడు పడవలో ఉన్నవాళ్లకు అది కావాలి.

---

కొత్తతెడ్డు

గాలివాటం గారూ, సింకు దగ్గర టీ ఎలా పెట్టారో ఫోటో ఒకటి పెడతారా? నేనూ అదే చేయాలనుకుంటున్నాను.

---

గాలివాటం

పెడతాను. టీ సీకాక్‌కు రెండు చేతుల వెడల్పు పైన ఉంది, టాయిలెట్ వైపు శాఖకు ఇంకో చిన్న వాల్వు పెట్టాను. టాయిలెట్ పంపు కొట్టినప్పుడు సింకులోంచి గాలి లాగవచ్చని మరచుట్టు గారు విడిగా చెప్పారు. అందుకని సింకు రంధ్రానికి బిరడా ఉండాలి, పంపు కొట్టేటప్పుడు పెట్టుకోవడానికి.